'వుయ్' అంటే మనమా, మేమా?

కార్తీక మాసం, మూడో శనివారం, ఉదయం పదిన్నర. విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్ళే రోడ్డులో ఒక ప్రైవేటు పాఠశాల, తొమ్మిదో తరగతి గది.

హాజరైనవారు: పాఠశాల కరస్పాండెంట్ సత్యనారాయణ గారు. తల్లిదండ్రుల తరఫున అప్పల్రాజు గారు, బస్టాండు దగ్గర మోటారు సామాన్ల దుకాణం, కొడుకు ఇదే తరగతి. ఇంగ్లండు దేశస్థుడు కోలిన్ గారు. పాఠశాల ఇంగ్లీషు టీచరు సుజాత. నిపుణుడి హోదాలో, ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇచ్చిన నేను. తొమ్మిదో తరగతి పిల్లలు. ప్రిన్సిపాల్ గారు సెలవు పెట్టారు. ఆయన తెలివైనవాడు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఇదే పద్ధతి. ముందు తేదీ, తర్వాత ఎవరెవరున్నారు, తర్వాత ఏం జరిగింది, చివర నా అభిప్రాయం. అభిప్రాయం మాత్రం కోపం తగ్గాక రాస్తాను. ఈసారి కోపం తగ్గేలా లేదు కాబట్టి రాసేస్తున్నాను. ఇంగ్లీషు టీచర్లుగా కొత్తగా చేరుతున్నవాళ్ళు చదవాలని నా కోరిక. నా ప్రమోషన్లతో, బదిలీలతో మీకు పనిలేదు. మీ నెత్తిన పడబోయేది ఏమిటో చెబుతాను.

పుట్టడమే ఇంగ్లీషులో పుట్టాడు

ఆ వారం మొదట్లో సత్యనారాయణ గారు మా ఇంటికి వచ్చారు. తండ్రి నాటి బట్టల వ్యాపారం, ఆ తర్వాత ఈ పాఠశాల. మనిషి చెడ్డవాడు కాదు. పాఠశాలను కూడా కొట్టులాగే చూస్తాడు, అంతే.

"మాస్టారూ, మనకొక తెల్లాయన దొరికాడండి," అన్నారు కూర్చోకముందే.

"ఎక్కడ దొరికాడు?"

"భోగాపురం ఎయిర్‌పోర్టు పనుల్లో ఆళ్ళావిడ ఇంజినీరంట. ఈయన ఇంటికాడ ఖాళీగా ఉన్నాడు. మా పిల్లలకి ఇంగ్లీషు సెప్తావా బాబూ అంటే, సరదాగా సెప్తానన్నాడు."

"ఇంతకుముందు ఎక్కడైనా చెప్పాడా?"

"ఆయన ఇంకోసోట సెప్పడవేటండి. పుట్టడవే ఇంగ్లీషులో పుట్టాడు."

"మీరు తెలుగులో పుట్టారు కదా. రేపు పదో తరగతికి వెళ్ళి సంధులు చెప్పండి."

ఆయన నవ్వేశారు. "మీకు ఎటకారం ఎక్కువండి. ఇద్దరి సేతా సెరో పాఠం సెప్పిద్దాం. మీరు సూసి ఒక మాట రాసిచ్చీండి. పేరెంట్సుకి సూపించడానికి ఉంటాది."

ఇద్దరూ అంటే రెండోది సుజాత. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఇంగ్లీషు చాలా ఏళ్ళుగా ఆమెదే. తెల్లాయన వస్తే ఆమె ఏమవుతుందని అడిగాను. "ఎక్కడికి పోతాదండి, ఎల్‌కేజీకి ఏసేస్తాను. నేదంటే హాస్టలు సూసుకుంటాది," అన్నారు, కొట్టులో ఒక తాను తీసి మరో అరలో పెట్టినట్టు.

ఆ సాయంత్రం సుజాత ఫోన్ చేసింది. "మాస్టారూ, నా గురించి మంచిగా రాయమని అడగనండి. పాఠం సూసి రాయండి. కానీ ఒక్క సంగతి. ఈ తొమ్మిదో తరగతిని నేను ఎనిమిదో తరగతి నుంచి తీసుకొస్తన్నాను. ఎవడు ఎక్కడ ఆగిపోతాడో నాకు తెలుసు. పది ముంగిట్లో సెయ్యి ఒగ్గెయ్యమంటే ఎలాగండి?"

పాఠం చూశాకే రాస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

చిట్ డౌన్

ఈ జబ్బు ఇప్పటిది కాదు. నేను శ్రీకాకుళం వైపు టీచర్లకు శిక్షణ ఇచ్చే రోజుల్లో మాకొక పై అధికారి ఉండేవారు. ఉచ్చారణే ఇంగ్లీషని ఆయన నమ్మకం. క్యాసెట్టులో ఎవరో దొర గొంతు పెట్టి, తలలు నెరిసిన టీచర్ల చేత దాని వెంట పలికించేవారు.

మన వైపు నోట్లో 'చ' నిలవదు, 'స' అయిపోతుంది. చెప్పు కాస్తా సెప్పు, చూడు కాస్తా సూడు. ఆ లెక్కన చైరు సైరవుతుంది, టీచరు టీసరవుతాడు. నరసన్నపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన గౌరునాయుడు గారు 'సైర్' అనగానే అధికారి క్యాసెట్టు ఆపేశారు. "నీ నోట్లోంచి వచ్చే ప్రతి 'స' తప్పే నాయుడూ. అక్కడ 'చ' ఉండాలి. గుర్తు పెట్టుకో," అన్నారు అందరి ముందూ.

గౌరునాయుడు గారు పట్టుదల మనిషి. గుర్తు పెట్టుకున్నారు. కొన్నాళ్ళకు నేను పరిశీలనకు ఆయన బడికి వెళ్ళాను. పిల్లలు లేచి నిలబడ్డారు.

"చిట్ డౌన్," అన్నారు ఆయన.

పిల్లలు కూర్చుంటూ, ముక్తకంఠంతో, "థాంక్యూ చార్," అన్నారు.

ఆ రోజు 'చాటర్‌డే' అని, మర్నాడు 'చండే' అని తెలుసుకున్నాను. బయటికి వచ్చాక అడిగాను, ఏమిటిది నాయుడు గారూ అని.

"ఆయనే సెప్పారు కదండి, పెతీదీ తప్పేనని. ఏది ఎక్కడుండాలో నాకు తెలుస్తాదేటండి? ఎందుకొచ్చిన గోలని అన్నిటికీ అదే పెట్టేస్తన్నాను."

తప్పు నాయుడు గారిది కాదు. 'చైర్' అనేముందు నాలుక పైకి ఆనించి 'ట్' అని ఆపి, అప్పుడు వదలమని చూపించాను. ఏ మాటలో ఆపాలో, ఏ మాటలో ఆపకూడదో ఇద్దరం కూర్చుని వేరు చేశాం. వారాలు పట్టింది, వచ్చింది. ఆ పని క్యాసెట్టులో దొర చెయ్యలేడు. 'సైర్' ఎక్కణ్ణించి వచ్చిందో ఆయనకు తెలిసే దారి లేదు. మా అధికారికి తెలుసు. ఆయనదీ మన వైపే, ఇంట్లో భార్యను 'ఏటే' అని పిలిచే మనిషే. తెలిసిన సంగతిని పాఠంగా మార్చకుండా సిగ్గుగా మార్చుకున్నాడు. నేను చూసిన చెడ్డ ఇంగ్లీషు టీచర్లలో ఎక్కువమంది ఈ బాపతే. తన యాసను దాచుకునేవాడు పిల్లల యాసను చూస్తే మండిపడతాడు.

ముందు సుజాత పాఠం

శనివారానికి వద్దాం. ఇద్దరికీ ఒకే పాఠం ఇచ్చాను. జరగబోయే పనిని ఇంగ్లీషులో చెప్పడం, 'గోయింగ్ టు' వాడకం. ఒకరి పాఠం ఒకరు చూడకూడదన్నాను. ముందు సుజాత చెప్పింది.

ఒక కుర్రాడు లేచి, "ఐ యామ్ గోయింగ్ టు వెంట్ మార్కెట్," అన్నాడు. చాలామంది టీచర్లు ఇక్కడ 'రాంగ్' అని కూర్చోబెట్టేస్తారు. సుజాత అతని వైపు తిరిగి తెలుగులో అడిగింది:

"ఒరే, తెలుగులో 'ఎల్లబోతన్నాను' అంటావా, 'ఎల్లానుబోతన్నాను' అంటావా?"

తరగతి గొల్లుమంది. వాడూ నవ్వాడు, ఒక క్షణం ఆలోచించి, "గోయింగ్ టు గో," అన్నాడు. అంతే. ఆ తప్పు ఇక వాడు చెయ్యడు. నా పక్కన సత్యనారాయణ గారు మాత్రం మొహం మాడ్చుకుని, "క్లాసులో తెలుగు మాటాడీసింది," అన్నారు.

అయితే సుజాతను నేను వెనకేసుకురావడం లేదు. ఆమె ఇంగ్లీషులో చిల్లులున్నాయి. 'డిస్కస్ ఎబౌట్' అంటుంది. 'యెస్టర్‌డే ఓన్లీ ఐ టోల్డ్' అంటుంది. ప్రతి వాక్యమూ ఒకే ఎత్తులో, రైల్వే స్టేషన్లో ప్రకటన చదివినట్టు వస్తుంది. ప్రశ్న తానే వేసి జవాబు తానే చెప్పేస్తుంది, పిల్లల నోరు పెగిలేలోపు పాఠం ముందుకు వెళ్ళిపోతుంది. వరండాలోకి పిలిచి ఇవన్నీ ముఖం మీదే చెప్పాను.

"అవునండి," అంది. "నాకు సరిసేసేవోలు ఎవరున్నారండి? ఇంగ్లీషులో మాటాడాలంటే నేనెవరితో మాటాడాలి, గోడతోనా?"

ఆ మాట కాగితం మీద రాసుకున్నాను. ఆమె తన తర్వాతి పీరియడుకి కింది తరగతికి వెళ్ళిపోయింది.

తర్వాత కోలిన్ గారి పాఠం

కోలిన్ గారు పొడుగరి, మర్యాదస్థుడు. గుమ్మం దగ్గర నన్ను ఆపి, "నేను టీచర్ని కాను, ఎలా మొదలుపెట్టాలో చెబుతారా?" అని అడిగాడు. ఆ ఒక్క మాటతో నాకు నచ్చాడు. మీ సొంత సంగతి ఏదైనా చెప్పి మొదలుపెట్టండి అన్నాను. ఆయన అదే చేశాడు.

మర్నాడు ఆదివారం ఆయనా, ఆయన భార్యా రామతీర్థం వెళ్తున్నారట. ఆ సంగతే ఎత్తుకున్నాడు. అక్కడి రాముడి గుడికి మన పిల్లలందరూ వెళ్ళినవాళ్ళే కానీ, కొండ మీది బౌద్ధ శిథిలాల దాకా ఎవరూ ఎక్కరు. "మీరెవరూ పైకి ఎక్కలేదా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"యెస్ సార్," అన్నారు పిల్లలు. అవును, ఎక్కలేదు అని వాళ్ళ అర్థం. 'యెస్' అంటే ఎక్కామని ఆయన అర్థం. "భేష్, అందరూ ఎక్కారన్నమాట," అనుకుని ఆయన బోర్డు వైపు తిరిగాడు. దీన్ని నా కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను. అంతకంటే పెద్దది ఆ తర్వాత జరుగుతూ ఉంటే మాత్రం ముచ్చటపడుతూ కూర్చున్నాను.

ఆయన బోర్డు మీద ఒక్కో వాక్యం రాస్తూ పిల్లల చేత అనిపించాడు.

"వుయ్ ఆర్ గోయింగ్ టు స్టార్ట్ ఎట్ ఎయిట్ టుమారో." తరగతంతా ఒక్క గొంతుతో అంది.

"వుయ్ ఆర్ గోయింగ్ టు క్లైంబ్ ద హిల్." ఇంకా గట్టిగా అంది.

"వుయ్ ఆర్ గోయింగ్ టు క్యారీ అవర్ లంచ్." కప్పు ఎగిరిపోయింది.

ఇలాంటిది మీరొకటి చెప్పండి అన్నాడు. అప్పల్రాజు గారి అబ్బాయి లేచి, "వుయ్ ఆర్ గోయింగ్ టు గో బై బస్," అన్నాడు, కళ్ళు మెరుస్తుండగా.

"గుడ్. బై బుస్," అన్నాడు కోలిన్ గారు. ఆయనది ఇంగ్లండులో ఉత్తరాది. అక్కడ బస్సును అలాగే అంటారు.

సత్యనారాయణ గారు నా చెవి దగ్గర చేరారు. "బుస్ అంటాడేటండి? పావు బుసకొడతందనుకుంటారు పిల్లలు."

"వాళ్ళ వైపు యాస అండి. మనం 'సెప్పు' అన్నట్టు."

"ఆళ్ళక్కూడా యాసలుంటాయా? మరి మనకెందుకండి ఇంత సిగ్గు?"

ఆ శనివారం మొత్తంలో ఆయన అన్న తెలివైన మాట ఇదొక్కటే. వెంటనే మరిచిపోయారు.

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, "సార్, యూనిఫాం?" అని అడిగింది.

కోలిన్ గారికి ప్రశ్న అర్థం కాలేదు. "యూనిఫామా? ఆదివారం కదా, యూనిఫాం ఎందుకు!" అని నవ్వాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. మామూలు చప్పట్లు కావు. ఒక వ్యాకరణ పాఠానికి అంత సంబరం నా సర్వీసులో చూడలేదు. "సూసారా రెస్పాన్సు," అన్నారు సత్యనారాయణ గారు. అప్పల్రాజు గారు కూడా లేచి నిలబడి కొట్టారు. బడి మధ్యాహ్నం వదిలేశారు. పిల్లలు పరిగెత్తుకుంటూ వెళ్ళారు.

నేను రాసిచ్చింది

ఆ మధ్యాహ్నం అక్కడే కూర్చుని నా అభిప్రాయం రాసిచ్చాను. సారాంశం ఇది. ఒక భాషలో పుట్టినవాడికి ఆ భాషలో తప్పు ఇట్టే వినబడుతుంది, ఆ తప్పు ఎక్కణ్ణించి వచ్చిందో వినబడదు. మనవాళ్ళకు ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసు, చాలామందికి అది తప్పని వినబడదు. కాబట్టి పాఠం సుజాతే చెప్పాలి. కోలిన్ గారు వారానికి రెండుసార్లు వచ్చి పిల్లలతో మాట్లాడాలి, అప్పుడు సుజాత గదిలో ఉండాలి. అంతకంటే ముందు సుజాతతో ఆయన రోజూ కాసేపు కూర్చుని మాట్లాడాలి.

సత్యనారాయణ గారు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. "బాగుందండి. సూద్దాం."

ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోండి. యాజమాన్యం 'చూద్దాం' అందంటే ఎప్పుడో చూసేసిందని అర్థం. మీరు పాఠం ఎంత బాగా చెప్పినా, మిమ్మల్ని తూచేది పాఠంతో కాదు. మొహం రంగుతో తూస్తారు, లేదా యాసతో, లేదా పక్క పాఠశాల పెట్టిన బోర్డుతో. మీరు మాత్రం పాఠంతోనే తూచుకోండి. రెండు తక్కెళ్ళూ ఎప్పుడోగాని ఒకటి కావు. నిపుణుడని పిలిచి కూర్చోబెడితే మురిసిపోకండి. నాకు ఆ కుర్చీ ఎందుకు వేశారో మర్నాడు తెలిసింది.

మర్నాడు ఉదయం

ఆదివారం పొద్దున్నే సత్యనారాయణ గారి ఫోను. "మాస్టారూ, ఒకసారి స్కూలుకాడికి రండి. కొంప ములిగింది."

వెళ్ళేసరికి గేటు ముందు తొమ్మిదో తరగతి మొత్తం నిలబడి ఉంది. రంగు రంగుల బట్టలు, నెత్తిన టోపీలు, చేతుల్లో క్యారియర్లు, నీళ్ళ సీసాలు. వెనక తల్లులు, తండ్రులు. కార్తీక ఆదివారం, ఊరంతా వనభోజనాలకు కదిలే రోజు. రామతీర్థం అన్నాక, క్యారియర్ అన్నాక, ఎనిమిది గంటలకు అన్నాక, ఏ తల్లికి మాత్రం అనుమానం వస్తుంది?

ఇక ఆ గేటుకే ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని పెద్ద ఫ్లెక్సీ కడుతున్నారు. కోలిన్ గారి నిలువెత్తు బొమ్మ. కింద అక్షరాలు: 'ఇకపై 8, 9 తరగతులకు ఇంగ్లండు ఉపాధ్యాయునిచే ఇంగ్లీషు.' రాత్రికి రాత్రి తయారయ్యే సరుకు కాదది. నేను నిపుణుడి కుర్చీలో కూర్చున్న సమయానికే ఎక్కడో అచ్చవుతూ ఉండాలి.

అప్పల్రాజు గారు కొడుకు పక్కనే నిలబడి ఉన్నారు. ఆయన చేతిలోనూ ఒక క్యారియర్ ఉంది.

"మీరు నిన్న గదిలోనే ఉన్నారు కదా," అన్నాను.

"ఉన్నాను బాబూ. 'వుయ్' అన్నాడు కదా ఆయన, మనవనుకున్నాను. ఆ తెల్లాయనకీ పెట్టాలని మా ఆడది పులిహోర కూడా ఎక్కువ కలిపింది."

అప్పుడు వెలిగింది నాకు. తెలుగులో రెండున్నాయి. మనం అంటే నువ్వూ ఉన్నావు, మేం అంటే నువ్వు లేవు. ఇంగ్లీషుకు ఒక్కటే 'వుయ్'. దాన్ని పిల్లల చేత పదిసార్లు అనిపిస్తే అది మనం కాక ఏమవుతుంది? అది కోలిన్ గారికి తెలిసే అవకాశం లేదు. నాకు తెలిసి ఉండాలి. నేను వాళ్ళ గొంతు ఎంత బాగా కలిసిందో చూస్తూ కూర్చున్నాను.

పిల్లల్లో ఒకమ్మాయి, "టీచర్, మీరు రాలేదేటి?" అని ఫోన్ చేస్తే సుజాత వచ్చింది. చేతిసంచీతో, హడావుడిగా కట్టుకున్న చీరతో. నిమిషంలో సంగతి గ్రహించింది. ఈలోగా కోలిన్ గారి కారు వచ్చింది. సత్యనారాయణ గారే ఫోన్ చేసి దారిలోంచి వెనక్కి రప్పించారు. ఆయన దిగి, పిల్లలను చూసి, ఫ్లెక్సీ మీద తన బొమ్మను చూసి, కొయ్యబారిపోయాడు. సుజాత ఆయన దగ్గరికి వెళ్ళి ఇంగ్లీషులో వివరించింది. వాక్యాలు ఎక్కడా తడబడలేదు, 'డిస్కస్ ఎబౌట్' ఒకటి దొర్లింది.

"రెండు వుయ్‌లా?" అన్నాడు ఆయన. రెండోసారి తనలో తనే అనుకున్నాడు. తర్వాత సత్యనారాయణ గారి వైపు తిరిగి, "నేను ఈ పిల్లలతో మాట్లాడగలను. పాఠం ఈమే చెప్పాలి," అన్నాడు. నేను నిన్న కాగితం నిండా రాసింది ఆయన రెండు వాక్యాల్లో చెప్పాడు. సత్యనారాయణ గారికి అర్థం కాలేదో, అర్థం కానట్టున్నారో తెలియదు.

ఆయన గోల ఆయనది. పిల్లలను వెనక్కి పంపాలంటే కొత్త టీచరు చెప్పింది ఎవరికీ అర్థం కాలేదని ఫ్లెక్సీ కిందే నిలబడి చెప్పాలి. కాసేపు చెమట తుడుచుకుని, డ్రైవరుకు ఫోన్ చేశారు. బస్సు వచ్చింది. పిల్లలు ఎక్కేశారు. వాళ్ళతో వెళ్ళడానికి టీచరు కావాలి. అక్కడున్న టీచరు ఒక్కరే.

"ఎక్కు తల్లీ," అన్నారు సుజాతతో.

ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగింది. "తొమ్మిదో తరగతి ఎవరిదండి?"

"ఇప్పుడా అడుగుతావు?"

"ఇప్పుడే అడుగుతానండి. రేపు మీరు నాకు దొరకరు."

తల్లిదండ్రులందరూ ఇటు తిరిగారు. అప్పల్రాజు గారు ఫ్లెక్సీ కేసి ఒకసారి, సత్యనారాయణ గారి కేసి ఒకసారి చూసి, "ఆయమ్మికి జవాబు సెప్పండి బాబూ, పులిహోర సద్దయిపోతాది," అన్నారు.

"నీదేనమ్మా. ఎక్కు."

"ఎనిమిదో?"

"అదీ నీదే. ఎక్కు తల్లీ, ఎండెక్కుతంది."

సుజాత ఎక్కింది. ఆమె ఏమడిగిందని కోలిన్ గారు నన్ను అడిగితే చెప్పాను. ఆయన భార్యను కార్లో వెనకాల రమ్మని, తాను బస్సెక్కి సుజాత పక్క సీట్లో కూర్చున్నాడు. తలుపు పడకముందే ఇద్దరూ ఏదో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ మాటలు గోడతో కావు.

బస్సు కదిలింది. సత్యనారాయణ గారు దుమ్ములో నిలబడి నా వైపు తిరిగారు.

"ఫ్లెక్సీ మాత్రం దింపనండి మాస్టారూ," అన్నారు. "కట్టీసారు కదా."